పాత కామిక్‌లో కాగితం తగ్గిందా? గ్రేడింగ్‌కి పంపేముందు లెక్క చూసుకునే పద్ధతి

పాత కామిక్ చేతికి రాగానే అందరం ముందు అట్టే చూస్తాం. రంగు వెలిసిందా, మూలలు నలిగాయా, వెన్ను మీద తెల్ల గీతలు పడ్డాయా అని తిప్పి తిప్పి చూస్తాం. లోపల కాగితాలన్నీ ఉన్నాయా అన్న సంగతి ఎప్పటికో గానీ గుర్తు రాదు. నేను దెబ్బతిన్నది అక్కడే. 1970ల నాటి మార్వెల్ సంచిక ఒకటి కొన్నాను. అట్ట అద్దంలా ఉంది. ఇంటికొచ్చి కథ మొదటి నుంచి చివరిదాకా చదివాను, ఎక్కడా తెగలేదు. ధైర్యంగా గ్రేడింగ్‌కి, అంటే పుస్తకం ఎంత బాగుందో చూసి అంకె వేసే సంస్థకి పంపితే, ఒక కాగితం లేదని రాసి తిప్పి పంపారు. రెండు వైపులా ప్రకటనలే ఉన్న కాగితం అది. ఎవరో బ్లేడుతో వెన్నుకి దగ్గరగా కోసేశారు. కథ చదువుకుంటూ పోయే మనిషికి అది తెలిసే అవకాశమే లేదు. కాగితాలు లెక్కపెట్టి ఉంటే నిమిషంలో తెలిసేది.

అందుకే ఇప్పుడు ఏ కామిక్ కొన్నా ముందు చదవను, ముందు లెక్కపెడతాను. పెద్ద పేరున్న గ్రేడింగ్ సంస్థ సీజీసీలో కూడా గ్రేడ్ వేసేముందు పేజీలు లెక్కపెడతారు. ఆ పని మనం ఇంట్లోనే చేసుకుంటే డబ్బూ మిగులుతుంది, పార్సిల్ తిరిగొచ్చేదాకా టెన్షనూ ఉండదు.

ముందు పుస్తకం కట్టు అర్థం చేసుకోండి

మామూలు అమెరికన్ కామిక్‌లో లోపల 32 పేజీలు ఉంటాయి. అట్ట నాలుగు వైపులూ కలిపితే 36. ఈ 32 పేజీలూ విడివిడి కాగితాలు కావు. ఎనిమిది పెద్ద ఠావుల్ని ఒకదానిలో ఒకటి పెట్టి, మధ్యకు మడిచి, వెన్ను మీద రెండు పిన్నులు కొడతారు. ఒక్కో ఠావు మడిస్తే రెండు కాగితాలు, నాలుగు పేజీలు.

స్కూల్లో నోట్‌బుక్ ముందు వైపు నుంచి ఒక కాగితం చింపితే, కొన్నాళ్ళకు వెనకవైపు దాని జంట కాగితం ఊడి చేతికొచ్చేది గుర్తుందా? కామిక్‌దీ అదే కట్టు. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే మిగతా లెక్కంతా సులువు.

అట్ట తిప్పగానే వచ్చే పేజీని 1 అనుకుని వరసగా అంకెలు వేసుకుంటూ పోండి (పుస్తకం మీద కాదు, మనసులోనే). అన్నిటికంటే బయట ఉన్న ఠావులో 1, 2, 31, 32 పేజీలు పడతాయి. దాని లోపలి దాంట్లో 3, 4, 29, 30. అలా వెళ్తూ వెళ్తూ నడిమి ఠావుకి వచ్చేసరికి 15, 16, 17, 18. ఏ పేజీకి జంట ఏదో తెలియాలంటే 33లోంచి తీసేయండి. 9వ పేజీకి జంట 24, 10వ పేజీకి జంట 23. ముందు వైపు 9-10 కాగితం వదులుగా ఊగుతోందంటే, వెనక 23-24 కాగితం ఉందో లేదో వెంటనే చూడాలన్నమాట.

ఆ సంచికకి అసలు ఎన్ని పేజీలు ఉండాలి?

32 అనేది అన్ని కాలాలకూ వర్తించదు. 1938లో యాక్షన్ కామిక్స్ 1 వచ్చినప్పుడు లోపల 64 పేజీలుండేవి, ధర 10 సెంట్లు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో కాగితం కరవు వచ్చింది. ఆ తర్వాత ఖర్చులూ పెరిగాయి. ధర మాత్రం 10 సెంట్ల దగ్గరే ఆపి, పేజీలు కోసుకుంటూ వచ్చారు. 1950లు సగానికి వచ్చేసరికి 32 పేజీలే మామూలైపోయాయి. కాబట్టి 1940ల సంచిక చేతిలో పెట్టుకుని 'ఇది 32 దాటింది, పూర్తిగానే ఉంది' అనుకుంటే మోసపోతాం. ఆ పదేళ్ళలో ఏడాదికో లెక్క ఉంది, సంచిక సంచికకీ విడిగా చూసుకోవాల్సిందే.

1971లో డీసీ అనే కామిక్ ప్రచురణ సంస్థ వాళ్ళు ధర 25 సెంట్లు చేసి, 52 పేజీల సంచికలు వేశారు. ఆ 52లో అట్ట నాలుగు పేజీలూ కలిసే ఉన్నాయి, లోపల 48. వాళ్ళ 100 పేజీల ప్రత్యేక సంచికల్లోనూ అట్టను లెక్కలో కలిపేశారు. ఈ తేడా తెలియక మంచి పుస్తకాన్ని 'నాలుగు పేజీలు పోయాయి' అని పక్కన పెట్టినవాళ్ళను చూశాను.

సందేహం ఉంటే గ్రాండ్ కామిక్స్ డేటాబేస్ అనే వెబ్‌సైట్‌లో ఆ సంచిక పేరు వెతకండి. పేజీల సంఖ్యతో పాటు ఏ కథ ఎన్ని పేజీలో కూడా ఇస్తారు. మామూలు సంచికకు అక్కడ 36 అని కనిపిస్తుంది, అంటే అట్టతో కలిపి. డిజిటల్‌గా చదివే యాప్‌లను మాత్రం దీనికి నమ్ముకోకండి. వాటిలో చాలావరకు కథ పేజీలే ఉంటాయి, పాత ప్రకటనలు తీసేస్తారు. మార్వెల్ వాళ్ళు పేరున్న పాత సంచికల్ని ఆనాటి ప్రకటనలతో సహా ఫ్యాక్సిమిలీ ఎడిషన్‌గా మళ్ళీ వేస్తున్నారు. మీ సంచికకు అలాంటిది దొరికితే కొని పక్కన పెట్టుకోండి. ఎడమచేతి పక్క అది, కుడిచేతి పక్క అసలుది పెట్టుకుని పేజీకి పేజీ చూసుకుంటూ పోవడం కంటే మంచి పద్ధతి లేదు.

బల్ల, చేతులు, వెలుతురు

చేతులు సబ్బుతో కడుక్కుని పూర్తిగా ఆరనివ్వండి. క్రీము రాసుకున్న చేతులతో ముట్టుకోకండి. వేలు తడిచేసి పేజీ తిప్పే అలవాటుంటే ఈ పనికి కూర్చున్నప్పుడు మానుకోవాలి. తుడిచిన బల్ల మీద శుభ్రమైన తెల్లకాగితం పరిచి దానిమీద పుస్తకం పెట్టండి. ఏదైనా ముక్క రాలితే తెల్లకాగితం మీద కనిపిస్తుంది. పుస్తకాన్ని బల్లకు ఆనేలా పూర్తిగా విప్పేయకండి, పుస్తకాల స్టాండు మీద ఉన్నట్టు సగమే తెరవండి. కాగితం గోధుమరంగుకి తిరిగి, అంచులు అప్పడంలా విరుగుతుంటే ఇంకా తక్కువ తెరవాలి. అలాంటి పుస్తకంలో మొత్తం పేజీలు తిప్పాలా వద్దా అని కూడా ఒకసారి ఆలోచించండి. లెక్కకోసం తిప్పబోయి మనమే ఒక మూల విరగ్గొడితే ఆ తప్పు దిద్దుకోలేం.

మొదట నడిమికి వెళ్ళండి

చాలామంది మొదటి పేజీ నుంచి లెక్క మొదలుపెడతారు. నేను నడిమి నుంచి మొదలుపెడతాను. పిన్నుల కాళ్ళు మడుచుకుని కనిపించే చోటు అది. అక్కడ తెరిచి, ఎడమవైపు ఎన్ని కాగితాలున్నాయో, కుడివైపు ఎన్ని ఉన్నాయో వేరువేరుగా లెక్కపెట్టండి. అట్టను కలపొద్దు. 32 పేజీల పుస్తకంలో ఎడమవైపు 8, కుడివైపు 8 రావాలి.

8, 7 వచ్చాయంటే ఒక కాగితం చిరిగిపోయిందో, కోసేశారో. ఏడు వచ్చిన వైపే అది పోయింది. దాని జంట కాగితం ఇంకా పుస్తకంలోనే ఉంటుంది కాబట్టి పోయినదేదో పట్టుకోవచ్చు. వెన్ను లోతుల్లోకి చూడండి. కోసిన కాగితం తాలూకు సన్నని అంచు, రెండు మూడు మిల్లీమీటర్లది, మడత దగ్గర నిలబడి ఉంటుంది. టార్చి పక్కనుంచి వేస్తే దాని నీడ పడుతుంది. నా సంచికలో అది బియ్యపు గింజ వెడల్పు కూడా లేదు, అయినా పైనుంచి కిందిదాకా గీత గీసినట్టు తిన్నగా ఉంది. చింపితే అంత తిన్నగా రాదు, బ్లేడు పడితేనే వస్తుంది.

7, 7 వచ్చాయంటే ఇంకా జాగ్రత్తపడాలి. మొత్తం ఠావే పోయిందని అర్థం. రెండువైపులా సమానంగా ఉంటుంది, చిరిగిన అంచు ఉండదు, పుస్తకం చూడ్డానికి నిండుగానే ఉంటుంది. ఎక్కువగా పోయేది నడిమి ఠావే. పిన్నుల దగ్గర రంధ్రాలు పెద్దవై అది ముందు జారిపోతుంది. ఎవరో చదివి పక్కన పెడతారు, తిరిగి లోపల పెట్టరు.

దాన్ని పట్టుకోవడానికి పిన్నుల కాళ్ళ కింద చూడండి. అచ్చయిన రోజు నుంచీ ఆ కాళ్ళు నడిమి ఠావు మీదే మడుచుకుని ఉంటాయి కాబట్టి ఆ కాగితం మీద చిన్న గుంటలు పడతాయి. పిన్ను తుప్పు పట్టితే అక్కడ గోధుమరంగు మచ్చ కూడా పడుతుంది. ఇప్పుడు నడిమిలో కనిపిస్తున్న కాగితం మీద గుంటల్లేవా, పిన్ను కాళ్ళకీ కాగితానికీ మధ్య ఖాళీ ఉందా? అయితే దీని మీద ఇంకో ఠావు ఉండేది, పోయింది. ఒకవేళ పిన్నులే కొత్తగా మెరుస్తున్నాయంటే, ఎవరో పుస్తకం విప్పి మళ్ళీ కట్టారని గుర్తు. అప్పుడు ప్రతి ఠావునీ అనుమానించాలి.

ఒకవైపు లెక్క తక్కువొస్తే కంగారుపడకుండా ఇంకోసారి లెక్కపెట్టండి. తేమ తగిలిన పుస్తకంలో రెండు కాగితాలు అంటుకుని ఒక్కటిగా జారిపోతాయి. గోటితో విడదీయకండి. మూలను పక్కనుంచి చూస్తే మందం తెలుస్తుంది.

ఎక్కువ రావడం కూడా జరుగుతుంది. 1970లు, 80ల్లో కొన్ని కామిక్‌లలో, ముఖ్యంగా అమెరికా సైనిక స్థావరాల్లో అమ్మినవాటిలో, మార్క్ జ్యువెలర్స్ అనే నగల కంపెనీ ప్రకటన ఒకటి మందపాటి కాగితం మీద అచ్చువేసి పుస్తకంతో కలిపి పిన్ను కొట్టేవారు. అది ఉంటే నాలుగు పేజీలు ఎక్కువ వస్తాయి. దాన్ని అనవసరమని పీకేయకండి. అలాంటి కాపీల కోసమే వెతికే సేకర్తలున్నారు. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఆ ప్రకటన కలిసిన పుస్తకంలోంచి ఒక అసలు ఠావు పోతే లెక్క మళ్ళీ 16 కాగితాలకే వస్తుంది. అందుకే లెక్కపెట్టేటప్పుడు మందపాటి కాగితాన్ని విడిగా పెట్టుకోండి.

ఇప్పుడు కథ వరస

కాగితాలు సరిపోయాక పేజీలు వరసగా చూడండి. కథ పేజీల మీద కింద మూలనో, ఏదో ఒక బొమ్మ పక్కనో చిన్న అంకె ఉంటుంది. ఆ అంకెలు కథ పేజీలకే, ప్రకటనలకు ఉండవు. అందుకే అంకెలు వరసగా ఉన్నంత మాత్రాన పుస్తకం పూర్తయినట్టు కాదు. ఠావులు తారుమారుగా పెట్టి పిన్ను కొట్టారా, ఒకే ఠావు రెండుసార్లు పడిందా అన్నది మాత్రం ఈ చూపులో బయటపడుతుంది. ఒక ఠావు రెండుసార్లు పడి, ఇంకొకటి అసలు పడకపోతే కాగితాల లెక్క 16 వస్తుంది కానీ కథలో నాలుగు పేజీలు ఉండవు. ప్రెస్సులో జరిగే తప్పు ఇది, అరుదే, కానీ ఉంది.

కత్తిరించిన ముక్కలు

నాకు అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టేది ఇక్కడే. కాగితం ఉంటుంది, అందులో ఒక ముక్క ఉండదు. ప్రకటనల పేజీల్లో కూపన్లుండేవి: బొమ్మలు తెప్పించుకోవడానికి, చందా కట్టడానికి. పిల్లలు కత్తిరించి పోస్టులో పంపేవాళ్ళు. కూపన్ పోయిన కాగితానికి రెండో వైపు ఏముందో తప్పకుండా చూడండి. అక్కడా ప్రకటనే ఉంటే నష్టం కొంత తక్కువ. కథ బొమ్మ ఉంటే కథ కూడా పోయినట్టే, గ్రేడ్ మరింత దిగుతుంది.

1974, 75లో మార్వెల్ వాళ్ళు పాఠకుల ఉత్తరాల పేజీలో వాల్యూ స్టాంపులు వేశారు. కత్తిరించి ఆల్బమ్‌లో అంటించమని కంపెనీయే చెప్పింది. పిల్లలు చెప్పినట్టే చేశారు. వుల్వరిన్ పూర్తిగా కథలోకి వచ్చిన ఇన్‌క్రెడిబుల్ హల్క్ 181, 1974 నవంబరు సంచిక, ఆ కాలానిదే. అందులో ఉండాల్సింది 54వ నంబరు స్టాంపు, షానా ది షీ-డెవిల్ బొమ్మ. ఈ ఒక్క స్టాంపు ఉండటానికీ లేకపోవడానికీ ధరలో ఎంత తేడా అంటే, ఆ సంచిక కొనేవాళ్ళు అట్ట చూడకముందే ఉత్తరాల పేజీ తెరుస్తారు.

తేడా అంత ఉంది కాబట్టి మోసమూ ఉంది. ఒకే నంబరు స్టాంపు వేరే వేరే సంచికల్లోనూ వచ్చింది. చవకగా దొరికే సంచికలోంచి 54వ స్టాంపు కత్తిరించి, ఖరీదైన దాంట్లో అంటించేవాళ్ళుంటారు. ముందు వైపు చూస్తే అతుకు కనిపించనంత పనితనం కూడా ఉండొచ్చు. కాగితం తిప్పండి. అసలు స్టాంపైతే వెనక వైపు అక్షరాలు, బొమ్మ గీతలు ఆ చోటు దాటి తెగకుండా సాగుతాయి. అతికించిందైతే ఆ ముక్క వెనక వేరే పుస్తకం తాలూకు అచ్చు ఉంటుంది, లేదా గీతలు అంచు దగ్గర ఒక వెంట్రుక వాసి పక్కకు జరిగి ఉంటాయి. కాగితాన్ని వెలుతురుకి ఎదురుగా పట్టి చూస్తే అంచు చుట్టూ జిగురు నల్లగా తెలుస్తుంది.

కొన్ని సంచికలతో పాటు విడి వస్తువులూ వచ్చాయి. హాబ్‌గాబ్లిన్ అనే విలన్ మొదటిసారి కనిపించిన అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 238, 1983 మార్చి సంచికలో ఒంటికి అంటించుకునే టాటూల కాగితం పెట్టారు. పిల్లలు దాన్ని పుస్తకంలో ఉండనిస్తారా? అందుకే ఆ సంచిక కొనేటప్పుడు 'టాటూలున్నాయా' అన్నది మొదటి ప్రశ్న. పేజీలన్నీ ఉన్నా ఆ కాగితం లేకపోతే గ్రేడింగ్‌లో దాన్ని పూర్తి పుస్తకంగా లెక్కించరు.

వేరే కాపీలోంచి తెచ్చి పెట్టారా?

పేజీలన్నీ ఉన్నాయి, కానీ అన్నీ ఈ పుస్తకానివేనా? పోయిన ఠావు స్థానంలో ఇంకో పాడైన కాపీలోంచి తీసి పెట్టడం పాత పద్ధతి. చెప్పి అమ్మితే తప్పేం లేదు, చెప్పకపోతేనే గొడవ.

పుస్తకాన్ని మూసి, మూడు అంచుల్నీ పక్కనుంచి చూడండి. అన్ని కాగితాలూ ఒకేసారి కోసినవి కాబట్టి అంచు ఒకే గోడలా ఉండాలి. ఒక కాగితం కొంచెం బయటికొచ్చినా, లోపలికి పోయినా, రంగు తేడాగా ఉన్నా ఆగి చూడండి. తర్వాత మచ్చలు. నీటి మరక ఒక పేజీ మీద పడితే ముందు పేజీకీ వెనక పేజీకీ కూడా పాకుతుంది, ఆకారం మెల్లగా చిన్నదవుతూ పోతుంది. పురుగు కొట్టిన రంధ్రం కూడా వరసగా కాగితాల్లోంచి సాగుతుంది. మధ్యలో ఒక్క ఠావు మాత్రం మరక లేకుండా, రంధ్రం లేకుండా శుభ్రంగా ఉందంటే అది తర్వాత వచ్చి చేరిన చుట్టమే. పిన్ను రంధ్రాలు కూడా చూడండి. ఇతర ఠావుల్లో రెండే రంధ్రాలుండి, ఒక్కదాంట్లో నాలుగుంటే దానికి ముందొక పుస్తకంలో కాపురం ఉండేది.

కలర్ జిరాక్స్ తీసి పెట్టిన పేజీలూ దొరుకుతాయి. భూతద్దంలో చూస్తే పాత అచ్చులో రంగులు వరసైన చుక్కలుగా కనిపిస్తాయి, కాపీ తీసిన దాంట్లో ఆ వరస ఉండదు. చీకటి గదిలో బ్లాక్ లైట్ టార్చి వేయండి. పాత న్యూస్‌ప్రింట్ మసకగా ఉంటుంది, కొత్త తెల్లకాగితం నీలంగా వెలుగుతుంది.

జిగురు కట్టు పుస్తకాలు

జెయింట్-సైజ్ ఎక్స్-మెన్ 1 (1975) లాంటి లావు సంచికలకు వెన్ను చదరంగా ఉంటుంది, కాగితాలు జిగురుతో నిలబడతాయి. జిగురు ఎండిపోతే విడి కాగితాలు రాలిపోతాయి. జంట లెక్క ఇక్కడ ఆధారపడదగ్గది కాదు. ప్రతి కాగితాన్నీ వరసగా లెక్కపెట్టి, వెన్ను లోపల జిగురు గాట్లలో ఖాళీ ఎక్కడైనా ఉందేమో చూడటమే దారి.

మన చందమామల సంగతి

1947 జులైలో మొదలైన చందమామ కామిక్ కాదు, అయినా పాత సంచికలు సేకరించే మనవాళ్ళకు ఈ పద్ధతి అంతా పనికొస్తుంది. ఎన్నో ఇళ్ళలో నెలనెలా సీరియల్ పేజీలు విప్పి దాచి, పూర్తయ్యాక బైండు చేయించుకునేవాళ్ళు. ఆ బైండు పుస్తకాలు అపురూపమే. అలా విప్పిన తర్వాత మిగిలిన సంచికలు మాత్రం తూకానికి వెళ్ళి, తిరిగి తిరిగి పాత పుస్తకాల బజారుకు వచ్చాయి. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద చందమామ కనిపిస్తే ముందు సీరియల్ ఉందో లేదో చూడండి. బైండులోంచి విప్పిన సంచికైతే వెన్ను పక్కన దారం కుట్టిన రంధ్రాలు వరసగా ఉంటాయి, అంచులు కూడా మరోసారి కోసి ఉంటాయి.

తేలినదాన్ని రాసి పెట్టండి

కాగితం తగ్గిన పుస్తకాన్ని పారేయనక్కర్లేదు. గ్రేడ్ 0.5 నుంచి 10.0 దాకా ఉంటుంది, కథ పేజీలు పోయిన పుస్తకం సాధారణంగా అడుగున 0.5 దగ్గర తేలుతుంది. సీజీసీ వాళ్ళు మామూలు పుస్తకానికి నీలం లేబుల్ ఇస్తారు. మిగతా అంతా బాగుండి కూపనో, స్టాంపో లేకపోవడం లాంటి ఒక్క పెద్ద లోపం ఉంటే ఆ లోపం రాసి ఆకుపచ్చ లేబుల్ ఇవ్వొచ్చు. బాగుచేసిన పుస్తకానికి ఊదారంగు. హల్క్ 181 లాంటి సంచిక స్టాంపు లేకుండా కూడా కొనేవాళ్ళుంటారు, లేదని ముందే చెప్తే చాలు.

అందుకే లెక్క పూర్తయ్యాక ఒక చిన్న చీటీ రాసి, పుస్తకం దాచే ప్లాస్టిక్ సంచి లోపల, పుస్తకం వంగకుండా వెనక పెట్టే మందపాటి అట్టకు ఆవలి వైపు పెట్టండి. పుస్తకానికి ఆనకుండా ఉండాలి. నా చీటీలు ఇలా ఉంటాయి: 'ఎడమ 8, కుడి 8. నడిమి ఠావు మీద పిన్ను గుంటలున్నాయి. పిన్నులు పాతవే. స్టాంపు ఉంది, వెనక అచ్చు కలిసింది. 21వ పేజీలో కూపన్ లేదు, వెనక ప్రకటనే.' కింద తేదీ. అమ్మేటప్పుడు ఆ చీటీ ఫోటో కూడా పుస్తకం ఫోటోలతో కలిపి పెడతాను. నాకు ఆ 1970ల సంచిక అమ్మినవాళ్ళు ఇలాంటి చీటీ ఒకటి పెట్టి ఉంటే, సగం ధరకైనా సంతోషంగానే కొనుక్కునేవాణ్ణి.